నలభై అయిదో సీటు

ప్రెస్సు మేడమీద,
ఫిబ్రవరి 12

చెల్లీ,

నీకు ఆకలేసేదాకా ఆ మనిషి గుర్తుకు రాలేదు.

నీకూ, బావకూ, ఆ బస్సులో ఉన్న తక్కిన నలభై మందికీ. ఉత్తరం మాత్రం నీకే రాస్తున్నాను. వాళ్లెవరూ నా చెల్లెళ్లు కారు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీకు నచ్చని మాట రాగానే నీ ఫోన్లో సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు.

నువ్వు పంపిన ఫొటోలు ఇరవై ఆరూ చూశాం. కింద "ఒక్క రోజులో మూడు దేశాలు" అని రాశావు. పొద్దున జలపాతం, పదింటికి మొదటి సరిహద్దు, అవతల కోట, పన్నెండింటికి రెండో సరిహద్దు, దాని అవతల సరస్సు మీద పడవ. అన్నీ బాగున్నాయి. మీ వదినే అడిగింది: "మీ చెల్లెలు కంచం ఫొటో తీయకుండా ముద్ద ముట్టదే, ఈసారి ఒక్కటీ లేదేంటి?" నేను పట్టించుకోలేదు. మొన్న పట్టించుకోవాల్సి వచ్చింది.

మా ప్రెస్సులో బైండింగ్ చేసే ఆవిడ నీకు తెలుసు. పోయినసారి మీ ఊరు వచ్చినప్పుడు నీ దగ్గర చూపు పరీక్ష చేయించుకుని కళ్లద్దాలు తీసుకుంది. మొన్న ఆవిడ కాగితాలు మడుస్తూ మడుస్తూ ఆగిపోయింది. ఏమైందన్నాను.

"మా చిన్నదాని ఉద్యోగం పోయిందండీ."

"ఏం చేసింది?"

"గిన్నెలు కడిగిందండీ."

ఆ చిన్నది, అంటే ఆవిడ చెల్లెలు, మీ బస్సులో వంటావిడ. పదకొండేళ్లుగా ఆ కంపెనీ బస్సుల్లోనే వండుతోంది. "దేశం ఏదైనా ఇంటి భోజనమే" అని కంపెనీ గొప్పలు చెప్పుకునేది ఈవిడ చేతుల్ని చూసుకునే.

ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా రాస్తాను, నీకు తెలిసింది ఎంతో నాకు తెలియాలి కాబట్టి. రెండో సరిహద్దులో రెండు గేట్లు. మొదటి గేటు దగ్గర అందరూ దిగి, ముఖం చూపించి, ఆ దేశం వదిలినట్టు ముద్ర వేయించుకున్నారు. గైడు పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో వేసుకున్నాడు. రెండో గేటు దగ్గర గుంపు జాబితా ఇస్తే చాలు, ముఖాలు చూడరు. రెండు గేట్ల మధ్య యార్డులో బస్సు తన వంతు కోసం ఇరవై నిమిషాలు ఆగింది. ఆ యార్డులో ఒక పంపు ఉంది. ఆవిడ పొద్దుటి గిన్నెలు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది.

గైడు వచ్చాడు. ఈల వేశాడు. మీరంతా అతన్ని ఈలాయన అంటారట. అతను లెక్కపెట్టాడు. ఎలా లెక్కపెట్టాడో గమనించావా? మనుషుల్ని లెక్కపెట్టలేదు. అందరూ కదులుతుంటారు, వంగుతుంటారు, ఆలస్యమవుతుందని అతను ఖాళీ సీట్లు లెక్కపెడతాడు. నలభై అయిదు సీట్లు, నలభై ఇద్దరు యాత్రికులు, ఒక వంటావిడ. రెండు సీట్లు ఖాళీ ఉండాలి. రెండే ఉన్నాయి. బస్సు కదిలింది.

మరి ఆవిడ సీటు ఏమైంది? ఆవిడది వెనక మూల నలభై అయిదో సీటు. దాని మీద మీరు పొద్దున్నుంచీ కొన్న సంచులు, పెట్టెలు. ఆవిడ రోజంతా వెనక తలుపు మెట్టు దగ్గర ప్లాస్టిక్ బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆవిడ ఉన్నా ఆ సీటు నిండే ఉంటుంది, లేకపోయినా నిండే ఉంటుంది.

రెండు గంటలకి సరస్సు ఒడ్డున బల్లలు వేశాక, వడ్డించేవాళ్లు లేరని తెలిసింది. అప్పుడు గైడు అడిగాడట: వెనక్కి వెళదామా, పడవ ఎక్కుదామా అని. చేతులెత్తమన్నాడట. నా చెల్లెలు ఉన్న బస్సులో ఒక మనిషి కోసం వెనక్కి వెళ్లాలా వద్దా అని వోటు పెట్టారు.

సాయంత్రం ఏడింటికి తిరుగు ప్రయాణంలో ఆవిడను ఎక్కించుకున్నారు. ఎక్కగానే చప్పట్లు కొట్టారట. ఆవిడ ఏడు గంటలు రెండు దేశాల మధ్య, ఏ దేశమూ కాని చోట నిలబడింది. మీరు చప్పట్లు కొట్టారు.

నువ్వు చప్పట్లు కొట్టావా? చేయెత్తావా? నాకు జవాబు కావాలి.

అన్నయ్య


కళ్లద్దాల దుకాణం,
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

నీ వ్యాసం అందింది. పైన "చెల్లీ" అని అంటించినంత మాత్రాన అది ఉత్తరం అయిపోదు. మీ నెలపత్రికలో వేసేటప్పుడు ఆ ఒక్క మాట తీసేస్తే సరిపోతుంది, ఇంకేమీ మార్చక్కర్లేదు.

తొమ్మిదేళ్లలో మేము దుకాణం మూసి వెళ్లింది ఆ ఒక్క ఆదివారం. నా పని నీకు తెలుసు. పొద్దున్నుంచీ నిలబడి, వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము పెట్టి, ఇది బాగుందా, ముందుది బాగుందా, ఇప్పుడు చదవండి, ఇప్పుడు చదవండి అనడం. ఒక్క రోజు ఎవరి చూపూ సరిచేయకుండా నా కళ్లతో నేను ఏమైనా చూద్దామనుకున్నాను. అది నేరమైతే ఒప్పుకుంటాను.

నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు. కానీ అదంతా నా మీద ఎందుకు రాశావు? లెక్క తప్పింది గైడు. వోటు పెట్టింది గైడు. "ప్రోగ్రాం ఆపొద్దు, మేము మనిషిని పంపుతాం" అని ఫోన్లో చెప్పింది కంపెనీ. పంపలేదు. ముప్పై ఒక్క చేతులు లేచాయి పడవకి. మీ బావ చెయ్యి కూడా లేచింది, అది ఆయన్నే అడుగు. నేను ఎత్తలేదు. చప్పట్లు కొట్టలేదు. చాలా?

ఆవిడ ఎక్కినప్పుడు నేనేం చేశానో చెప్తాను. నా సీటు ఇచ్చాను, ఏడో నంబరు, కిటికీ పక్కది. ఆవిడ తీసుకోలేదు. "ఒళ్లంతా మసి, మీ సీటు పాడవుతుంది" అని వెనక్కి వెళ్లి బుట్ట మీదే కూర్చుంది. ముందు సీట్లో ఒకాయన "రాత్రి భోజనం ఉంటుందా మరి" అని అడిగాడు. ఆవిడే చెప్పింది, ఉంటుందని.

మనిషికి సీటు లేదని నువ్వు నాకు చెప్తున్నావు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు నాలుగు. నువ్వు, వదిన, ఇద్దరు అమ్మాయిలు, పిన్ని. మనుషులు అయిదుగురు. ఇరవై ఆరేళ్లలో వదిన కూర్చుని తినడం నేను ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. రాలేదు. నీకేమైనా గుర్తొస్తే రాయి.

నువ్వు కూడా ఖాళీ కుర్చీలే లెక్కపెడుతున్నావు అన్నయ్యా. ఎప్పుడూ ఒక్కటీ ఖాళీ లేదు, అంతా సరిగానే ఉంది.

ఆ వంటావిడకి అన్యాయం జరిగింది. బాధగా ఉంది. ఇంతకంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

చెల్లి


ప్రెస్సు మేడమీద,
మార్చి 9

చెల్లీ,

కుర్చీ సంగతి తర్వాత మాట్లాడతాను.

తప్పించుకుంటున్నాను అనుకుంటావు. అనుకో. ముందు తేదీ ఉన్న పని చూడాలి.

కంపెనీ ఆవిడకిచ్చిన కాగితం తెప్పించుకుని చదివాను. నాలుగే వాక్యాలు. మూడో వాక్యం ఇది: "ఎవరికీ చెప్పకుండా బస్సును విడిచి వెళ్లి, యాత్రకు ఆటంకం కలిగించినందున." ఆటంకం అంటే మీ మధ్యాహ్న భోజనం. పడవ ఆగలేదు, సరస్సు ఆగలేదు.

మొదటి నాలుగు మాటలే మెడకు ఉరి. సరిహద్దు దాటే బస్సుల వాళ్లందరూ ఒకరినొకరు అడుగుతారు. గుంపు వదిలి వెళ్లిన మనిషి అని ఒక కంపెనీ రాస్తే ఇంకో కంపెనీ జాబితాలో ఎక్కించదు. సరిహద్దులో పారిపోతే గైడు మెడకు చుట్టుకుంటుంది కాబట్టి. ఆవిడకి ఇంకో వంట పని దొరకదా అంటావు. దొరుకుతుంది. నీకు కూడా దుకాణం పోతే ఇంకో దుకాణంలో అద్దాలు తుడిచే పని దొరుకుతుంది. నలభై మందికి, కదిలే పొయ్యి మీద, ఊరికో నీళ్లతో, టైముకి వండటం పదకొండేళ్లలో నేర్చిన పని. దాన్ని నాలుగు మాటలతో కొట్టేశారు.

ఆవిడ చెప్పేది వేరు. "చెప్పే వెళ్లాను" అంటోంది. గైడు ఆ టైముకి పాస్‌పోర్టులతో ఆఫీసులో ఉన్నాడు. అందుకని బస్సులో ఒక ప్రయాణికురాలికి చెప్పి వెళ్లిందట: పంపు దగ్గర ఉన్నాను, ఆయన రాగానే చెప్పండి అని. ఎవరికి అంటే చెప్పదు. వాళ్లక్క అడిగింది, నేను అడిగాను. తలొంచుకుని కూరగాయలు తరుగుతుంది. "గుర్తులేదా" అంటే "ఉంది" అంటుంది. మరి చెప్పమంటే కత్తి వేగం పెరుగుతుంది, అంతే.

ఏప్రిల్ 5న పొద్దున పదకొండింటికి కంపెనీ ఆఫీసులో ఆవిడ మాట ఒకసారి వింటారట. వాళ్లే రాశారు: ఆ ప్రయాణికురాలిని తీసుకురండి, లేదా ఆమె సంతకంతో కాగితం తీసుకురండి, లేకపోతే మా నిర్ణయంలో మార్పు లేదు అని. నలభై ఇద్దరిలో ఆడవాళ్లు ఇరవై నాలుగు మంది. వాళ్లలో ఒకామె ఇప్పుడు ఎక్కడో ఇంట్లో కూర్చుని, హాయిగా ఫొటోలు చూసుకుంటోంది. ఆమె ఎవరైనా సరే, ఒక్క మాట నోట్లో పెట్టుకుని దిగమింగింది. ఆ మాట బరువెంతో ఆమెకు తెలియకపోవచ్చు. తెలిసీ ఊరుకుంటే మాత్రం, ఆమె మీద నా దగ్గర రాయడానికి చాలా ఉంది. సగం రాసేశాను కూడా.

నువ్వు ఏడో సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నానన్నావు. యార్డు కనబడుతుంది. ఆవిడ ఎవరితోనైనా మాట్లాడటం చూశావా? ముందు తలుపు దగ్గరా, వెనకా? నీకు చూడటమే వృత్తి కదా. కాస్త గుర్తు తెచ్చుకో.

దీనితో పాటు మా డిమాండ్ల కాగితం పెడుతున్నాను. పదకొండు ఉన్నాయి. గైడు తొలగింపు, కంపెనీ బహిరంగ క్షమాపణ, ప్రయాణికులందరి చేతా క్షమాపణ, విచారణ సంఘం, ఇంకా అన్నీ. చదివి సంతకం పెట్టి పంపు. ప్రయాణికురాలి సంతకం ఒక్కటైనా ఉంటే బలం.

అన్నయ్య


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
మార్చి 17

అన్నయ్యా,

అయిదు రోజులు నీ ఉత్తరం కళ్లజోళ్ల పెట్టెలో పెట్టి తిరిగాను. మీ బావకి చూపించలేదు.

ఆవిడ చెప్పింది నాకే.

ఎలా జరిగిందో రాస్తాను. నువ్వు మధ్యలో మాట్లాడకు. మాట్లాడతావని తెలుసు, అందుకే కాగితం నయం.

బస్సు యార్డులో ఆగింది. నా కిటికీలోంచి రెండు దేశాల జెండాలూ కనిపిస్తున్నాయి, ఒకటి ఇటు గేటు మీద, ఒకటి అటు గేటు మీద. రెండూ ఒకే ఫొటోలో పట్టాలని నేను కెమెరా అద్దానికి ఆనించి చూస్తున్నాను. గాలికి ఒకటి విచ్చుకుంటే ఒకటి ముడుచుకుంటోంది. ఆవిడ కిటికీ కిందికి వచ్చింది. చేతిలో పెద్ద గిన్నె, దాని లోపల ఇంకో రెండు. "అమ్మా, ఆయన లోపలున్నాడు. పంపు దగ్గర ఉంటాను, ఆయన రాగానే కాస్త చెప్పండి. రెండు నిమిషాలే" అంది. నేను "సరేలేమ్మా" అన్నాను. కెమెరా లోంచి కన్ను తీయలేదు. అందుకే ఆవిడ ఆ రోజు ఏ చీర కట్టుకుందో నాకు తెలియదు.

ఫొటో పడింది. రెండు జెండాలూ విచ్చుకున్నాయి. నువ్వు బాగున్నాయన్న ఫొటోల్లో పదిహేనోది అదే. ఈలాయన వచ్చి ఈల వేసినప్పుడు నేను మీ బావకి ఆ ఫొటో చూపిస్తున్నాను.

బస్సు రెండో గేటు దాటి కొంత దూరం పోయాక గుర్తొచ్చింది. అప్పుడు చెప్పి ఉంటే పది నిమిషాల్లో వెనక్కి వెళ్లేవాళ్లం. వెనక తలుపులోంచి ఎక్కేసే ఉంటుందిలే అనుకున్నాను. తల తిప్పి చూస్తే తెలిసేది. తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో ఇన్ని రోజుల నుంచి అడుగుతున్నాను నన్ను నేనే. తిప్పితే తెలుస్తుందని తిప్పలేదు.

నువ్వు రాయనిది ఇంకొకటి ఉంది, ఎందుకంటే అది ఆవిడకి కూడా తెలియదు. సరస్సు దగ్గర ఈలాయన వోటు పెట్టేముందు అడిగాడు: "ఆమె ఎవరికైనా చెప్పి వెళ్లిందా?" అని. గట్టిగా, అందరికీ వినపడేలా, రెండుసార్లు అడిగాడు. నలభై మంది ఆకలితో ఉన్నారు. నోరు తెరిస్తే అందరూ నా వైపు తిరుగుతారు. నేను కెమెరా సంచి జిప్పు వేసుకుంటూ కూర్చున్నాను. "ఎవరికీ చెప్పకుండా" అన్న మాటలు కంపెనీ రాసింది అనుకుంటున్నావు నువ్వు. అవి పుట్టింది అక్కడ. నా నోట్లోంచి, నేను మాట్లాడకపోవడంలోంచి.

వోటుకి చెయ్యి ఎత్తలేదని గొప్పగా రాశాను కదా. రెండు చేతులూ జిప్పు మీద ఉన్నాయి.

నలభై అయిదో సీటు మీద ఉన్న పెట్టెల్లో అన్నిటికంటే పెద్దది కూడా నాదే. కోట దగ్గర కొన్న దీపపు గ్లోబు. పగలకూడదని నేనే వెనక్కి వెళ్లి అక్కడ పెట్టించాను. ఆవిడే పక్కకి జరిగి చోటిచ్చింది.

నువ్వు సగం రాశానన్నావు. తక్కిన సగం ఇప్పుడు నీకు తేలికే. పేరు పెట్టుకోవాలంటే పెట్టుకో.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టగలనో లేదో తెలియదు. పెడితే దుకాణానికి వచ్చే ప్రతివాళ్లూ చదువుతారు. ఆ బస్సులో మా వీధివాళ్లే తొమ్మిది మంది.

చెల్లి


ప్రెస్సు కింద, అచ్చు గదిలో,
మార్చి 23

చెల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు నేనేమీ రాయలేదు. రాసి చింపేశాను. మూడుసార్లు. నాలుగోసారి చింపబోతుంటే బైండింగ్ ఆవిడ, "కాగితం ఊరికే వస్తోందా సార్" అంది.

సగం రాసిన వ్యాసం పక్కన పడేశాను. నిన్ను కాపాడటానికని అనుకోవద్దు. దానికి వేరే కారణం వచ్చింది.

ఆ టూరు కంపెనీ కరపత్రం పాతది ఒకటి కావాలని అడిగితే ఆవిడ అల్మరాలోంచి తీసిచ్చింది. మన అల్మరాలోంచే. అది మా ప్రెస్సులో అచ్చయింది. రెండేళ్లుగా ఇక్కడే అచ్చవుతోంది. లోపలి పేజీలో బస్సు సీట్ల పటం ఉంది, చిన్న చిన్న గళ్లు, ఒకటి నుంచి నలభై అయిదు దాకా అంకెలు. ఆఖరి గడి మీద అంకె పక్కనే "సామాను" అని ఉంది. పేజీ అడుగున మూలకి ప్రూఫు చూసినవాడి పొడి అక్షరాలు ఉన్నాయి. అవి నావి.

నాకు గుర్తుంది కూడా. ఆ పేజీలో రెండు తప్పులు పట్టాను. "జలపాతం"లో ఒక అక్షరం, "ఇంటి భోజనం" పక్కన కామా. దిద్దాను, టిక్కు పెట్టాను, కిందికి పంపాను. నలభై నలుగురికి సీట్లు, నలభై అయిదోది సామానుకి. మరి ఇంటి భోజనం వండే మనిషి ఎక్కడ కూర్చుంటుంది అని నాకు తట్టలేదు. తప్పులు పట్టడం నా వృత్తి. ముప్పై ఏళ్లుగా అదే పని. శ్రమ గురించీ శ్రామికుల గురించీ ఎన్ని పేజీలు రాశానో నీకు తెలుసు, చదవమని ప్రాణం తీశాను కాబట్టి. ఆ పేజీలో తప్పేమీ లేదని సంతకం పెట్టి పంపాను.

నీ పెట్టె ఆ సీటు మీదికి ఎక్కడానికి ముందే నా టిక్కు ఎక్కింది.

దీనర్థం ఇద్దరం సమానమని, కాబట్టి ఇద్దరం ఊరుకుందామని కాదు. అలా అనుకునేవాళ్ల మీదే నాకు ఎక్కువ కోపం. అందరూ తప్పు చేశారని తేలిపోయాక ఎవరూ ఏమీ చేయక్కర్లేదన్న తేలికదనం వచ్చేస్తుంది. కంపెనీకి కావలసింది అదే. గైడు మీద వాళ్లు, వాళ్ల మీద నువ్వు, నీ మీద నేను, ఇలా తోసుకుంటూ పోతుంటే ఏప్రిల్ 5 దాటిపోతుంది. నీకు సిగ్గుగా ఉంటే ఉండనీ. ఆవిడకి పని కావాలి.

తొమ్మిది మంది వీధివాళ్లు చదువుతారన్నావు. చదవనీ. వాళ్లలో ఎంతమంది చేతులెత్తారో వాళ్లకి తెలుసు. కళ్లజోడు పెట్టించుకోవడానికి నీ దుకాణానికే వస్తారు, ఇంకో దుకాణం ఆ వీధిలో లేదు.

నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్లు. నేను పంపిన పదకొండు డిమాండ్లూ పట్టుకెళ్లి చూపించు. వాటిని ఆవిడకి ఇంతవరకూ చూపించలేదు. ఇది రాస్తున్నప్పుడే ఆ సంగతి తట్టింది. ఆవిడ కోసం రాసిన కాగితం ఆవిడ తప్ప అందరూ చదివారు.

కుర్చీ తెచ్చాను. వెదురుది, వెనక వీధిలో చేయించాను. మీ వదిన దాన్ని చుట్టూ తిరిగి చూసి, "కుర్చీ ఒక్కటేనా, నేను కూర్చున్నాక వడ్డించేవాళ్లు కూడా వస్తున్నారా?" అంది. నిన్న రాత్రి నేను వడ్డించాను. పిన్ని నవ్వు ఆపుకోలేక పొలమారింది. మీ వదిన మాత్రం నవ్వలేదు. కూర్చుని, నింపాదిగా తిని, రెండోసారి అడిగి వేయించుకుంది.

అన్నయ్య


ఇంట్లో,
ఏప్రిల్ 4

అన్నయ్యా,

వెళ్లాను. బైండింగ్ ఆవిడ తీసుకెళ్లింది. వాళ్ల గదిలో కుర్చీ ఒకటే ఉంది. వంటావిడ అందులో కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

నేనే చెప్పాను, మీరు చెప్పింది నాకేనని. ఆవిడ, "తెలుసు. ఏడో సీటు. మీకు తీపి తక్కువ వేయాలి" అంది.

తెలిసి ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే మీరు కాదంటారు. మీరు కాదన్నాక నా మాట అబద్ధం అయిపోతుంది. చెప్పకపోతే నా దగ్గర నిజంగానే ఉంటుంది కదమ్మా."

సరస్సు దగ్గర ఈలాయన అడిగితే నేను నోరు మెదపలేదని కూడా చెప్పాను. అది ఆవిడకి కొత్త. "రెండుసార్లు అడిగాడా?" అంది. అవునన్నాను. "మీరు చెప్పనిది ఒక్కసారే అనుకున్నాను" అంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టి, "అది మీ ఇంటికెళ్లి చూసుకోండి. ముందు కాగితం చదవండి" అంది.

ఆ ఏడు గంటల సంగతి అడిగాను. గేటు దగ్గర ఆఫీసరు ఫోన్ చేసి జాబితా చూసి చెప్పాడట, "కాగితం ప్రకారం నువ్వు ఇక్కడ లేవు, అవతలికి వెళ్లిపోయావు, ఇప్పుడు సరస్సు దగ్గర ఉన్నావు" అని. ఆవిడ, "అయితే అక్కడున్న నన్ను పిలిపించండి, మాట్లాడతాను" అందట. అతను నవ్వాడు గానీ ఏ గేటూ తెరవలేదు. ఆ యార్డులో బెంచీ లేదు. పెద్ద గిన్నె బోర్లించి దాని మీద కూర్చుంది. సాయంత్రం బస్సు రాగానే "ఎక్కు, ఎక్కు" అని తొందరపెడితే ఆ గిన్నె పంపు పక్క గోడ దగ్గరే ఉండిపోయింది. అది కంపెనీది కాదు, ఆవిడ సొంతం.

నీ పదకొండు డిమాండ్లూ చదివాను. గైడు తొలగింపు దగ్గర ఆపింది. "ఆయన పడవ ఎక్కలేదంట. ఒడ్డునే కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆయన్ను తీసేస్తే కొత్తగా వచ్చేవాడూ ఖాళీ సీట్లే లెక్కపెడతాడు. కొట్టేయండి" అంది. బహిరంగ క్షమాపణ కొట్టేసింది: "వాళ్ల బస్సు బొమ్మ పెద్దగా వేసుకుంటారు, అంతే." విచారణ సంఘం ఏంటని అడిగింది. నేను నువ్వు చెప్పినట్టే చెప్పడానికి ప్రయత్నించాను. "భోజనాలు పెట్టాలా వాళ్లకి?" అంది. అదీ పోయింది. పదకొండులో ఒకటి మిగిలింది. తక్కినవి ఆవిడే చెప్పింది, నేను రాశాను. చేతిరాత బాగోలేదని రెండుసార్లు తిట్టించుకున్నాను.

మీ బావకి ఉత్తరాలన్నీ చూపించాను. చదివి లేచి వెళ్లిపోయాడు. దుకాణం మూసే వేళకి వచ్చి, "నేను కూడా సంతకం పెడతాను, చెయ్యెత్తానని రాసి పెడతాను" అన్నాడు. వీధివాళ్లలో ఇంకో ఇద్దరు పెట్టారు. ఏడుగురు పెట్టలేదు. ఒకామె, "ఎప్పుడో అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతారు" అని తన కళ్లజోడు రిపేరుకి ఇవ్వకుండానే తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లనీ.

రేపు పదకొండింటికి కాగితం ఇచ్చి రావడం కాదు, నేనే నిలబడి చదువుతాను. ఆవిడ కూర్చుంటుంది. కుర్చీ లేదంటే ఒకటి వేయించాకే మొదలుపెడతాను. చదవబోయేది ఇది. పోస్టులో వేయకుండా మనిషితో ఈ పూటే పంపుతున్నాను, ప్రూఫు చూడు, కామాలు మాత్రమే కాకుండా.

టూరు కంపెనీ వారికి,

ఆ రోజు బస్సులో ఏడో సీట్లో కూర్చున్నది నేను. వంటావిడ పంపు దగ్గరికి వెళుతూ నాకు చెప్పింది. నేను గైడుకి చెప్పలేదు. గైడు రెండుసార్లు అడిగినప్పుడు కూడా చెప్పలేదు. తప్పు ఆమెది కాదు. మేము అడుగుతున్నవి:

1. "ఎవరికీ చెప్పకుండా" అన్న మాటలు కొట్టేసి, "ఏడో సీటు ప్రయాణికురాలికి చెప్పి" అని రాయాలి. ఆ కాగితం నకలు ఆమెకివ్వాలి.

2. ఆమెను అదే పనిలోకి, వచ్చే ప్రయాణం నుంచే తీసుకోవాలి.

3. సీట్ల పటంలో నలభై అయిదు పక్కన "సామాను" తీసేసి "వంటమనిషి" అని అచ్చువేయాలి. ఆ సీటు మీద ఎవరూ ఏమీ పెట్టకూడదు.

4. ఆమె పాస్‌పోర్టు సంచిలో వేయకూడదు. ఆమె దగ్గరే ఉండాలి.

5. రెండో సరిహద్దు యార్డులో, పంపు పక్కన గోడ దగ్గర ఆమె పెద్ద గిన్నె ఉంది. తెచ్చివ్వాలి. మూత కూడా.

6. ప్రతి మజిలీలో ఆఖరున బస్సెక్కేది ఆమె. ఆమె ఎక్కి, తలుపు వేసి, పదమన్నాకే బస్సు కదలాలి.